జిగురు ఆరేలోపు

వరండా గది నుంచి
ఎండలు ముదిరిన వారం

తూనీగకి మామయ్య ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నిన్న కాగితం తీసి, పెన్ను మూత విప్పి, మళ్లీ బిగించి, అన్నీ సొరుగులోకి తోసేశాను. రెండు గంటలసేపు నీ కెమెరా ముందు వాగినవాడు ఉత్తరం కూడా రాస్తే ఆ పిల్లకి ఓపికుండొద్దా అనిపించింది. కానీ పొద్దున లేచేసరికి చెప్పడం మరచిపోయిన ముఖ్యమైన సంగతులు మూడు గుర్తొచ్చాయి. అవి లేకపోతే నీ సినిమా కుంటిదైపోతుంది. సినిమా అనకూడదన్నావు కదూ, వీడియో కళ. చెల్లెలి కూతురివి, చిన్నప్పుడు ఒక్కచోట నిలవలేదని తూనీగ అని పేరు పెడితే, ఇప్పుడు కెమెరాని మూడుకాళ్ల మీద నిలబెట్టి నన్ను కదలొద్దంటున్నావు.

మొదటి సంగతి. నేను చదువుకున్నవాణ్ని కానని నీ వీడియోలో చెప్పి తీరాలి. నలభై రెండేళ్లు పుస్తకాలు బైండు చేశాను. మరమ్మతుకొచ్చిన పుస్తకమల్లా చదివాను. చిరగని పుస్తకం నా దగ్గరికెందుకొస్తుంది? అందుకని నా జ్ఞానమంతా ముప్ఫై మూడో పేజీ నుంచి మొదలై, చివరి పదహారు పేజీల ఫారానికి ముందే ఆగిపోతుంది. ఒక నవలలో ఒకమ్మాయి పడవెక్కింది. ఏరు మధ్యలో అట్ట ఊడిపోయింది. ఆ అమ్మాయి ఒడ్డు చేరిందో లేదో నాకీనాటికీ తెలియదు. ఆ నవల తెచ్చినాయన్ని అడిగితే "నేనింకా చదవలేదండీ, అందుకేగా కుట్టించుకుంటున్నా" అన్నాడు.

రెండోది. రెండో గంటలో "స్వేచ్ఛంటే ఎవరి అనుమతీ లేకుండా గడప దాటగలగడం" అన్నాను చూడు, ఆ వాక్యం చివర్లో పెట్టు. ఆ తర్వాత కాసేపు ఏ చప్పుడూ ఉండకూడదు. జనం ఆలోచించుకుంటారు.

మూడోది. మాట్లాడుతున్నప్పుడు నా ఎడమచెయ్యి ఊరికే పైకి లేచి ఉంటే, ఆ ముక్కలు కోసెయ్యి. అది షాపు అలవాటు. మైదా జిగురు అట్టకి పూశాక, ఆరేలోపు గుడ్డ పరిచి ముడత లేకుండా లాగాలి. అప్పుడెవరైనా పలకరిస్తే పని చెడుతుంది. కుడిచేతిలో కుంచె ఉంటుంది గనక ఎడమ అరచెయ్యి ఎత్తి చూపిస్తాం. అంటే, ఆగు, జిగురు తడిగా ఉంది అని. మా షాపులో యజమాని వచ్చినా సరే, చెయ్యి లేస్తే నిలబడాల్సిందే.

అన్నట్టు మీ అత్తయ్య వాళ్లక్క పోయింది. నువ్వొచ్చి వెళ్లిన రోజు సాయంత్రమే. ఈవిడ మర్నాడు తెల్లవారుజాము బస్సుకి వెళ్లింది గానీ అప్పటికే అంతా అయిపోయింది. పెద్దావిడే. ఇంతకీ నీ వీడియో ఎన్ని నిమిషాలొస్తుంది?

మామయ్య


ఎడిటింగ్ గది నుంచి
నెల దాటాక

మామయ్యకి,

వాళ్లక్కగారి సంగతి తెలిసి అత్తయ్యకి ఫోన్ చేశాను. ఎక్కువ మాట్లాడలేదు. "ఎండలో తిరక్కు" అని పెట్టేసింది.

వీడియో నాలుగు నిమిషాలొచ్చింది. మీ మూడు సంగతులూ చదివాను, నవ్వుకున్నాను కూడా. కానీ మీరు అనుకున్నట్టు రాలేదు. మీ మాటలు పెద్దగా వినిపించవు. అంతకంటే ఇప్పుడు చెప్పలేను, మీరే చూడాలి.

పదిహేనో తారీఖున మీ ఊళ్లోనే చిన్నగా వేస్తున్నారు, చిరునామా వెనక రాశాను. నేను రాలేకపోతున్నాను. తర్వాత పెద్ద ప్రదర్శన ఉంది, ఏడు దేశాల వాళ్లొస్తారు. దానికి మీ ఒప్పుదల కాగితం కావాలి. ఇందులో పెట్టాను. చూశాకే సంతకం చెయ్యండి, ముందే చెయ్యొద్దు. అత్తయ్యని కూడా తీసుకెళ్లండి.

మీ తూనీగ


వరండా గది నుంచి
పదహారో తారీఖు

వీడియో కళాకారిణి గారికి,

చూశాం. గౌరవానికి బహువచనం వాడలేదు, నలుగురం వెళ్లాం. నేను, నా ప్రూఫులు దిద్దే మిత్రుడు, అచ్చాఫీసు యజమాని, మా కింది వాటాలో ఉండే పంతులమ్మ. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. అందరికీ వారం ముందు నుంచీ చెప్పుకున్నాను. మీ అత్తయ్యని రమ్మంటే "నేను చూసిందేగా" అంది. ఎప్పుడు చూసిందో అడగాలని తోచలేదు.

పాత గోడౌనుకి నల్లగుడ్డలు కట్టి హాలు చేశారు. ముందు బెంచీలో కూర్చున్నాం. మొదట ఎవరో ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి నీళ్లు పోశారు, ఆరు నిమిషాలు. అదీ స్వేచ్ఛేనట. "దిద్దడానికి అక్షరం ముక్క లేదేంట్రా" అని ప్రూఫుల మిత్రుడు గొణిగాడు. ఉండరా, మనది మాటలున్న సరుకు అన్నాను.

తర్వాత మనది వచ్చింది. నా మొహం ఏదమ్మా? తెరకి ఎడమవైపు అంచున నా సగం భుజం, ఎడమచెయ్యి. నా గొంతు పక్కింటి రేడియోలాగా గుయ్యిమంటోంది, ఒక్క ముక్క తెలియదు. తెర మధ్యలో మా వరండా గది గుమ్మం, దాని కర్టెను. ఆ కర్టెను తొలగించుకుని మీ అత్తయ్య వచ్చి నిలబడింది. నా చెయ్యి లేచింది. వెళ్లిపోయింది.

జనం నవ్వారు. నేనూ నవ్వాను. మళ్లీ వచ్చింది, మళ్లీ చెయ్యి. ఇంకా నవ్వారు. "షాపు అలవాటురా" అని మిత్రుడి చెవిలో చెప్పాను. ఐదోసారికి నవ్వు పలచబడింది. పంతులమ్మ పైకే లెక్కపెట్టడం మొదలెట్టింది, పిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు. తొమ్మిదోసారి ఆవిడ చీర మార్చుకుని వచ్చింది. పదోసారి చేతిలో సంచి ఉంది. పదకొండోసారి సంచి కింద పెట్టి, గడప మీద కూర్చుంది. ఏమీ అనలేదు, కదల్లేదు. అయినా నా చెయ్యి లేచింది. ఆవిడ లేచి సంచి తీసుకుని లోపలికి పోయింది. కర్టెను ఊగింది. అప్పుడు పడింది పేరు, తెల్ల అక్షరాల్లో: "స్వేచ్ఛ గురించి మామయ్య."

తలకొట్టేసినట్టయింది. లైట్లు వేశాక వెనక్కి తిరగాలంటే మెడ రాలేదు. బయటికొచ్చాక పంతులమ్మ అడిగింది, "ఆవిడ ఎందుకొచ్చారండీ అన్నిసార్లు?" అని.

"టీ ఇవ్వడానికి" అన్నాను.

"సంచితోనా?"

అచ్చాఫీసు యజమాని గబగబా బస్సుల సంగతెత్తాడు. నలభై ఏళ్ల స్నేహంలో ఆయన నాకు చేసిన ఉపకారం అదొక్కటే.

నా ఇంటికొచ్చి, నా అన్నం తిని, నా మాటలు తీసుకుని నా చెయ్యి చూపిస్తావా? చెయ్యి ముక్కలు కోసెయ్యమని రాశాను. నువ్వు అవే ఉంచి మిగతాదంతా కోసేశావు. సంతకం చెయ్యను. దాన్ని ఇంకెక్కడా వెయ్యడానికి వీల్లేదు.

ఇట్లు,
బైండరు


ఎడిటింగ్ గది నుంచి
ఇరవై రెండో తారీఖు

మామయ్యకి నమస్కారాలు.

మీరు వద్దంటే వెయ్యను. అది మీ హక్కు. నెలాఖరుకి జాబితా మూసేస్తారు, అప్పటిదాకా ఆగి మీ మాట వాళ్లకి చెబుతాను. పెద్ద హాల్లో నా వీడియో పడటం ఇదే మొదటిసారి, పోతే బాధే. ఆ సంగతి దాచను. కానీ దాని కోసం మిమ్మల్ని బతిమాలను.

మిమ్మల్ని నవ్వులపాలు చెయ్యాలని మాత్రం నేను రాలేదు. మూడు వారాలు మీ మాటల మీదే కూర్చున్నాను. చక్కటి వాక్యాలే. కానీ ఎంత కోసి అతికించినా ఎవరో ముందే ఎక్కడో అచ్చువేసిన వాక్యాల్లా ఉన్నాయి. ఏమనుకోకండి, మీరు నాకు నేర్పిన చదువుతోనే ఈ మాట అంటున్నాను. ఒకరోజు స్పీకరు తీగ ఊడి గొంతు ఆగిపోయింది. బొమ్మ మాత్రం నడుస్తోంది. అప్పుడు మొదటిసారి గుమ్మం వైపు చూశాను.

అత్తయ్యకి ఫోన్ చేశాను. "మీరున్న భాగం తీసెయ్యనా?" అంటే, "నన్నెందుకు తీస్తావే? ఆ టైములో నేనూ ఇంట్లో ఉన్నానుగా. ఉండనీ" అంది. అన్నిసార్లు ఎందుకొచ్చారని అడిగాను. "మీ మామయ్య అడిగితే చెప్తాన్లే" అంది.

మీరు అడిగారా మామయ్యా?

తూనీగ


వరండా గది నుంచి
ఆ నెల చివరి వారం

తల్లీ,

అడగడానికి వారం పట్టింది. ఇందులో వెటకారం లేదు. నలభై ఒక్క ఏళ్లుగా ఆవిడని నేను అడిగినవి లెక్కేస్తే: నా కళ్లజోడెక్కడ, తలనొప్పి మాత్ర ఉందా, ఎవరొచ్చారు. వీటికి వాడిన గొంతుతో ఆ మాట అడగడం రాలేదు. మొదటి రోజు వంటింటి దాకా వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆవిడే "వొంట్లో బాలేదా, ఇన్ని నీళ్లు తాగుతున్నారు" అంది.

నిన్న మధ్యాహ్నం దండెం మీంచి బట్టలు తెచ్చి మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని ఒక తువ్వాలు అందుకున్నాను. నేను మడతపెట్టింది చూసి, విప్పి మళ్లీ మడిచింది.

"ఆవేళ, పిల్ల కెమెరా పెట్టినప్పుడు, ఎందుకొచ్చావ్ అన్నిసార్లు?" అన్నాను.

"ఇప్పుడా అడగడం?"

"ఇప్పుడే కనిపించింది."

నా చొక్కా చేతులు లోపలికి మడిచి, పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది. "అక్క కూతురు ఫోన్ చేసింది. అమ్మ నీకోసమే అడుగుతోంది పిన్నీ, ఉన్నపళంగా బయల్దేరు అంది. పన్నెండింటికి బస్సు. అది పోతే మళ్లీ తెల్లారే."

"అరిచి చెప్పొచ్చుగా!"

"శబ్దం పడితే మొదటినుంచీ తియ్యాలట. చీమ చిటుక్కుమనకూడదని మీరేగా పొద్దున్నే చెప్పారు."

"పోనీ వెళ్లిపోవాల్సింది. వచ్చాక చెబుదువు."

చేతిలో బట్ట ఆపి నా మొహంలోకి చూసింది. "అలా ఎప్పుడైనా వెళ్లానా?" అంది. కోపంగా అన్నా బాగుండేది. నిజంగా ఏదో మరచిపోయిందేమో గుర్తు చేసుకుంటున్నట్టు అంది.

వెళ్లింది తల్లీ, ఒక్కసారి. పెళ్లయిన మొదటి ఏడు. మూడిళ్ల అవతల స్నేహితురాలి ఇంటికి చెప్పకుండా వెళితే, వీధంతా వెతికి, నలుగురి ముందూ నిలబెట్టి "చెప్పకుండా ఇంకోసారి గడప దాటావంటే అట్నుంచటే పో" అన్నాను. ఆ సాయంత్రానికే మరచిపోయాను. నిన్న ఆవిడ చూపు చూశాక గుర్తొచ్చింది. నేను ఒకసారి అన్నాను, ఆవిడ నలభై ఏళ్లు పాటించింది. జిగురు ఆరేలోపు ఆగమని చెప్పే చెయ్యిని ఇంటికి పట్టుకొచ్చి, జిగురు లేనిచోట కూడా ఎత్తుతూ కూర్చున్నాను. షాపులోనైనా రెండు నిమిషాలకి దించేవాణ్ని.

ఇంకా ఉంది. నీకు మొదటి ఉత్తరంలో రాయలేదు. నువ్వు సామాను సర్దుకుని వెళ్లాక భోజనాల దగ్గర ఆవిడ చెప్పింది, అక్కకి బాలేదు, బస్సు వెళ్లిపోయింది అని. నేనేమన్నానో తెలుసా? "తెల్లారి వెళ్దువుగాన్లే" అని, ఆ మాట చాలక, "నేను మాట్లాడింది ఎలా వచ్చిందంటావ్?" అని అడిగాను. "బాగా వచ్చింది" అంది. మజ్జిగ పోసింది.

ఆ అక్కే ఈవిడని పెంచింది, తల్లి లేకపోతే. సాయంత్రం ఆరింటి దాకా "వచ్చిందా, వచ్చిందా" అని అడుగుతూనే ఉందట. ఆరుంబావుకి పోయింది. పన్నెండు బస్సు మూడున్నరకి చేరుతుంది. ఆ లెక్క నేను వేశాను, ఆవిడ వెయ్యలేదు. ఎప్పుడో వేసి, నా దాకా తేలేదేమో.

సిగ్గుగా ఉంది అని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. రాసేశాక కాస్త తేలికపడతానేమోనని భయం. తేలికపడటానికి నాకేం హక్కుంది?

సంతకం సంగతి నన్నింకా అడక్కు.

మామయ్య


ఎడిటింగ్ గది నుంచి
ఉత్తరం అందిన మర్నాడే

మామయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక నేను చెప్పాలి. మీకంటే ముందు చెప్పాల్సింది.

ఆ గదిలో మీరు గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నారు, వెనక కర్టెను కదిలిన చప్పుడుకే మీ చెయ్యి లేచేది. నేను గుమ్మానికి ఎదురుగా ఉన్నాను. అత్తయ్య వచ్చిన ప్రతిసారీ నాకు కనిపించింది. చెవులకి హెడ్‌ఫోన్లు, ధ్యాసంతా మీ గొంతు మీద. ఆవిడ మీ చెయ్యి చూసి నా వైపు తిరిగేది. పెదవులు కదిపేది. నేను నోటి మీద వేలు పెట్టి ఉష్ అన్నాను. నాలుగుసార్లు. మీకైనా కనపడలేదు. నాకు సంచి కూడా కనిపించింది, బజారుకెళ్తోందేమో అనుకున్నాను.

మీ వెనక పుస్తకాల బీరువా అద్దంలో నేను పడ్డాను. వేలు పెదవుల మీద పెట్టుకుని, స్పష్టంగా. ఎడిటింగులో అది చూసి ఆ అంచు కత్తిరించేశాను. బొమ్మ చక్కగా కుదరడం కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. మీ చెయ్యి ఉంచి నా వేలు తీసేశాను మామయ్యా. జనం మిమ్మల్ని చూసి నవ్వేలా చేసి, నన్ను చూసి నవ్వే దారి మూసేసుకున్నాను. స్వేచ్ఛ గురించి వీడియో తీసేదాన్ని నేను!

అత్తయ్యకి ఫోన్లో చెప్పి ఏడ్చాను. "నీకేం తెలుసే పాపం" అంది. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

నిన్న కూర్చుని అంచు మళ్లీ కలిపాను. ఇప్పుడు అద్దం కనిపిస్తుంది, నేనూ కనిపిస్తాను. పేరు కూడా మార్చాను: "స్వేచ్ఛ గురించి మామయ్య, నేను." జాబితావాళ్లని బతిమాలితే పది రోజులు గడువిచ్చారు. మీరు వద్దంటే ఇదీ పెట్టెలోనే ఉంటుంది.

ఇంకొకటి. తెరంతా అత్తయ్యదే. ఒప్పుదల కాగితం మాత్రం మీ ఒక్కరికే పంపాను. ఎందుకు పంపానో నాకే తెలియదు, అంత సహజంగా జరిగిపోయింది. ఆవిడ కాగితం ఇందులో ఉంది. దయచేసి మీరు విప్పి చదివి వినిపించొద్దు, ఆవిడ చేతికివ్వండి.

తూనీగ


వరండా గది నుంచి
కొత్త నెల, ఎనిమిదో తారీఖు

తూనీగా,

రెండు కాగితాలూ ఇందులో ఉన్నాయి.

ఆవిడ తన కాగితం రెండువైపులా చదివింది. వెనక ఏమీ లేదు, అయినా తిప్పి చూసింది. కిటికీ దగ్గర నిలబడి సంతకం చేసింది. నన్ను ఒక్క ముక్క అడగలేదు. నేను మాత్రం నా కాగితాన్ని మూడు రోజులు పట్టుకు తిరిగాను. ఏదో గొప్ప మనసుతో చేశాననుకోకు. ఏడు దేశాలవాళ్లు నా చెయ్యి చూస్తారంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. చెయ్యకపోతే ఇంట్లో నిత్యం చూస్తున్న మనిషి ముందు ఏ మొహం పెట్టుకోను? రెండు సిగ్గుల్లో చిన్నది ఎంచుకున్నాను, అంతే.

గడప గురించి చెప్పిన వాక్యం కూడా నాది కాదులే. ఏదో అట్ట లేని పుస్తకంలోది. రాసినాయన ఎవరో గానీ ఆయన గడప దగ్గర ఎవరు నిలబడ్డారో. ఆ పేజీ నాకు దొరకలేదు.

ప్రూఫుల మిత్రుడు వచ్చి పంతులమ్మ సంగతి చెప్పాడు. ఆవిడ బళ్లో పిల్లలకి నా చెయ్యి కథ చెబుతోందట, పేరు చెప్పకుండా. "పేరు చెప్పమని నేను చెప్పనా?" అన్నాడు వెధవ. చెప్పరా అన్నాను.

మీ అత్తయ్య ఇవాళ పొద్దున వెళ్లింది, అక్క కూతురి దగ్గరికి. నిన్న రాత్రి భోజనాల దగ్గర "రేపు వెళ్తున్నా" అంది. వెళ్లనా అనలేదు. ఎన్నాళ్లు అని అడగబోయి నీళ్లు మింగాను. "వచ్చేముందు ఫోన్ చేస్తాలే" అని తనే అంది. బస్టాండు దాకా వస్తానంటే "వద్దు, దారి తెలుసు" అంది. వీధి మలుపు తిరిగేదాకా చూశాను, వెనక్కి తిరగలేదు. తిరగాలని కూడా లేదు కదా.

ఉత్తరం ఇక్కడ ఆపి వెళ్లాల్సొచ్చింది, గ్యాసు బండ వచ్చింది. తెచ్చినతను ఖాళీ బండ ఎక్కడుందని అడిగాడు. తెలియదన్నాను. అతనే వంటింట్లోకి వెళ్లి, తలుపు వెనక నుంచి తీసుకుని, కొత్తది పెట్టి వెళ్లాడు.

మామయ్య